తప్పు తనదని రాసిన సారు

ఆయన ముఖం చూడకముందే ఆయన గొంతంటే నాకు విసుగు పుట్టింది. హైదరాబాద్ హెడ్డాఫీసులో, బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి ఏది రావాలో ఏది ఆగాలో తేల్చే ఫైర్‌వాల్‌లు చూసే పెద్ద సారు ఆయన. నేను షాద్‌నగర్ ఫ్యాక్టరీలో సర్వర్ల పనికి కొత్తగా చేరాను. కార్మికులు ఇంటి నుంచే సెలవు పెట్టుకునే వెబ్‌సైట్‌ను నడిపించడం నా మొదటి పని. అది ఫ్యాక్టరీ లోపల తెరుచుకునేది, బయట ఫోన్లలో తెరుచుకునేది కాదు. రోజూ ఆయనకు ఫోన్ చేసేదాన్ని.

"మా తాన ఏం ఆగుతలేదమ్మా. నీ సర్వరే ఇంకోసారి చూసుకో" అనేవారు. ఓపికగానే, కానీ ప్రతిసారీ అదే మాట.

సర్వర్‌ను రెండుసార్లు మొదటి నుంచి సిద్ధం చేశాను. పదో రోజున మా మేనేజర్, శుక్రవారానికల్లా సైటు నడవకపోతే నా జాగాలో ఇంకొకరిని పెట్టుకుంటానన్నాడు. ఆ సంగతి ఆయనకు ఫోన్లో చెప్పాను.

మర్నాడు ఆయనే బస్సెక్కి ఫ్యాక్టరీకి వచ్చారు. నా పక్కన కుర్చీ వేసుకుని, నేను చేసిందంతా చూపించమన్నారు. తర్వాత తన లాప్‌టాప్ తెరిచి, మూడు ఫైర్‌వాల్‌లలోని రూల్స్ అన్నీ వేలు పెట్టి ఒక్కొక్కటే చదివారు. మూడోదాంట్లో వేలు ఆగింది.

"గిది నేను పెట్టిన రూలే. పెట్టి మర్చిపోయిన."

దాన్ని తీసేశారు. నా ఫోన్లో మొబైల్ డేటా మీద సైటు తెరుచుకుంది. వెళ్లేముందు మా మేనేజర్‌కూ తన పై అధికారులకూ మెయిల్ రాశారు. లోపం తనదని, ఈ అమ్మాయి పని మొదటి నుంచీ సరిగ్గానే ఉందని.

నా ఉద్యోగం నిలిచింది. ఆయనకు మెమో ఇచ్చారని వారం తర్వాత తెలిసి ఫోన్ చేశాను.

"మెమో ఇచ్చారట కదా సార్" అన్నాను.

"ఇచ్చిన్రు" అన్నారు. "సైటు నడుస్తాంది గదా?"