బాపు పేరు లేని పట్టిక

మేము హైస్కూలుకు వచ్చేనాటికి చదువు ఉర్దూలోంచి తెలుగులోకి మారింది గాని, తెలుగు పుస్తకాలు ఇంకా మా దాకా రాలేదు. హుజూరాబాద్‌లో మా బడికి ఉన్న పుస్తకాలన్నీ ఒకే అద్దాల బీరువాలో ఉండేవి. (దాని తాళంచెవి ఎక్కడుందో హెడ్‌మాస్టరుకూ తెలియదు.) అటువంటి బడికి కొత్తగా వచ్చిన సోషల్ సారు, తొమ్మిదో తరగతిలో మాకు ఊరి వృత్తుల మీద వ్యాసం రాయమని, చివర ఆధారాల పట్టిక కూడా ఉండాలన్నాడు. "రాసినోని పేరు, పుస్తకం పేరు, అచ్చయిన ఊరు, ఏడాది. మనిషిని అడిగి రాస్తే ఆ మనిషి పేరు. రాయకుంటే దొంగతనమే."

నేను నేతపని ఎంచుకున్నాను. మా బాపు మగ్గం గుంటలో కూర్చుని, చేతిపని ఆపకుండానే, మూడు రోజులు చెప్పాడు. నూలుకు పట్టించే గంజి ఎంత పలచగా ఉండాలో, ఎండాకాలం పడుగు పోగులు ఎందుకు ఊరికే తెగుతాయో, అన్నీ. సారు పెట్టిన నియమం కూడా నా నోటనే విన్నాడు. మూడో రోజు తలెత్తకుండా అడిగాడు, "అయితే చివర్ల నా పేరు రాస్తవారా?"

"రాస్త బాపు" అన్నాను.

రాయలేదు. బెంచీ మీద నాకు ఒక పక్క వకీలు కొడుకు, ఇంకో పక్క తహసీల్దారు కొడుకు. వాళ్ళ పట్టికల్లో ఇంగ్లీషు పుస్తకాలుంటే నా దాంట్లో మగ్గం నేసే బాపా అనిపించింది. బీరువా అద్దానికి ముక్కు ఆనించి, లోపల కనిపించిన నాలుగు పుస్తకాల పేర్లు ఎక్కించాను. లావుగా ఉన్నవే ఏరుకున్నాను, లావుంటే గొప్పవని నా నమ్మకం.

వారం తర్వాత సారు నన్ను నిలబెట్టాడు. "వ్యాసం మంచిగున్నది. గని, గీ గొడ్ల రోగాల పుస్తకంల గంజి కాచుడు ఏ పేజీల ఉన్నదిరా?"

తరగతంతా నవ్వింది. "గొడ్లు గూడ గంజి తాగుతయి గద సార్" అని వకీలు కొడుకు నా తరఫున వాదించాడు. సారు నవ్వలేదు. "నిజంగ ఎవలు చెప్పిండ్రు?"

ఒక్క మాట అంటే సరిపోయేది. "ఎవ్వలు చెప్పలే సార్, నేనే ఆలోచించిన" అన్నాను. ఆయన పట్టిక మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి కాగితాలు తిరిగిచ్చాడు.

ఇంట్లో బాపు ఎదురుచూస్తున్నాడు. "నా పేరేదిరా?" ఆయనకు చదువు రాదు. కొట్టేసిన మొదటి వరుస మీద వేలు పెట్టాను. "మరి గీ ఎర్ర గీతేంది?" "మంచిగున్నదని సారు కొట్టిండు."

మర్నాడు బాపు నన్నూ వెంటబెట్టుకుని ఆ కాగితం పట్టుకుపోయి, మా వాడకు ఉత్తరాలు తెచ్చే పోస్టు మామకు చూపించాడు. "జర సదువు బావా." మామ చదివాడు. నా మొహం చూశాడు. మళ్ళీ కాగితం వైపు చూసి, బాపు పేరు ఇంటిపేరుతో సహా నిదానంగా పలికాడు. "నీదే. అందరికంటె ముందు రాసిండు." బాపు ఆ కాగితాన్ని తిరిగి తీసుకుని, గీత చెరిగిపోకుండా అంచులు పట్టుకుని మడిచాడు.

ఆయన బతికున్నన్నాళ్ళూ నిజం చెప్పాలనుకుంటూనే ఉన్నాను. చెప్పలేదు. ఇప్పుడు నేను ఏ వ్యాసం రాసినా, అది దేని గురించైనా సరే, చివరి పట్టికలో మొదట బాపు పేరే పెడతాను. పత్రికల వాళ్ళు ఉత్తరం రాస్తారు, వీరి పుస్తకం పేరేమిటి, ఎక్కడ అచ్చయిందని. అచ్చు కాలేదని జవాబిస్తాను. ఈ వయసులో ఇదేం మొండితనమని నాకే నవ్వొస్తుంది. పేరు మాత్రం తీయను.