నలభై ఒక్క పుస్తకాలు, ఎడమకు వంగిన ఆకు

నేను ఇరవై నాలుగు ఉత్తరాలు రాశాను. కొన్ని తపాలా బిళ్లలు అంటించి, కొన్ని ఈమెయిల్‌లో. ఒక్కదానికీ జవాబు లేదు. "అందింది" అన్న ముక్క కూడా లేదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో సామాను పోయినవాళ్ల ఫిర్యాదులు తీసుకునే కౌంటర్‌లో నా ఉద్యోగం. పెట్టె చక్రం విరిగిందని ఊగిపోతూ వచ్చి నన్ను నానా మాటలన్నవాడికి కూడా రెండు రోజుల్లో జవాబు పంపుతాను. అలాంటి నాకు జవాబివ్వడానికి మాత్రం ఈ లోకంలో మనిషి దొరకలేదు. అందుకే ఈసారి మీకు రాస్తున్నాను. ఇందులో ఒక ఘోరం ఉంది. చేసింది నేనే. నవ్వొస్తే నవ్వండి. మా అమ్మ కూడా నవ్వింది.

నేను ఊలు అల్లుతాను. అవును, మగవాణ్ణే. తొమ్మిదేళ్లప్పుడు తట్టు పోసి నెలరోజులు మంచం దిగలేదు. మా అమ్మ మిషన్ దవాఖానలో ఆయా. నర్సుల దగ్గర నేర్చుకున్న అల్లిక ఆమెది. ఆ నెలంతా మంచం మీద నాకెదురుగా కూర్చుని, రెండు సూదులు నా చేతికిచ్చి నేర్పింది. ఆమె చేతులు చూసి నా చేతులు ఆడించాను. ఈ "ఎదురుగా" అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి. నేను ముప్పై ఏడేళ్లు గుర్తుపెట్టుకోలేదు.

అప్పట్నుంచీ మఫ్లర్లు అల్లాను. ఒకే తీరు, అడ్డంగా నిలువుగా సాదా అల్లిక. హైదరాబాదులో మఫ్లర్లు పెట్టుకునేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. అల్లింది తక్కువ, అల్లిక పుస్తకాలు కొన్నది ఎక్కువ. ఆదివారం ఆరాధన అవగానే అబిడ్స్ ఫుట్‌పాత్‌కి పోయేవాణ్ణి. స్వెట్టర్ల పుస్తకం కొంటే స్వెట్టర్ అల్లేసినంత తృప్తి. మేజోళ్ల పుస్తకం కొన్నరోజు కాళ్లు కూడా వెచ్చగా అనిపించేవి. జపాను భాషలో ఒకటి కొన్నాను, బొమ్మలు బాగున్నాయని. అట్లా పదిహేడు. ఒక్కటీ మొదటి పేజీ దాటి చదవలేదు.

మా ఆవిడ సుగుణ తొండుపల్లిలో మా ఇంటి వైశాల్యాన్ని పుస్తకాల్లో కొలిచేది. "బియ్యం డబ్బా మీద పుస్తకం, ఫ్రిజ్ మీద పుస్తకం. రేపు నేను సచ్చిపోతే నన్ను పండవెట్టనీకి జాగ ఉంటదా?" అనేది. ఆ మాట కూడా నేను మరిచిపోలేదు.

మూడేళ్ల కిందట ఆగస్టులో అమ్మకు కాన్సర్ మందులు మొదలయ్యాయి. నెల తిరక్కుండా జుట్టంతా పోయింది. అమ్మ అప్పుడు మామిడిపల్లిలో మా రూతక్క దగ్గర ఉండేది. చూడటానికి పోతే కొంగు నెత్తికి చుట్టుకుని కూర్చుంది.

"దాసూ, ఒక టోపీ అల్లురా. దవాఖానల ఏసీ గాలి సీదా నెత్తి మీద పడ్తది. రూతు దుకాణంల టోపీ తెచ్చింది గని, ముండ్లు గుచ్చినట్టు గుచ్చుతది. జర మెత్తగ ఉంటే చాలు."

"గింతేనా అమ్మా? వారంల తెస్త."

వారం. ఆ మాట అన్నది నేనే, సాక్షి మా అక్క.

ఇంట్లో ఉన్న పదిహేడు పుస్తకాల్లో టోపీలు లేవా అంటే ఉన్నాయి. కానీ అమ్మ టోపీ పాత పుస్తకంలోంచి అల్లడమా? పద్దెనిమిదోది కొన్నాను. అందులో ఆకుల టోపీ ఉంది. మెత్తటి ఆకులు, వరుసగా, అన్నీ కుడివైపుకు వంగి, పొలంలో గాలి వీచినట్టు. మెత్తటి ఊలు తెచ్చి, పుస్తకం ముందు పెట్టుకుని, అక్షరం తప్పకుండా అల్లాను. సగం టోపీ వచ్చింది. ఆకులు ఎడమకు వంగాయి.

విప్పాను. మళ్లీ అల్లాను. ఎడమకే. ఇంకెవరైనా అయితే తననే అనుమానించుకునేవాడు. నేను పుస్తకాన్ని అనుమానించాను. ప్రచురణకర్తకు ఉత్తరం రాశాను: "అయ్యా, మీ పుస్తకంలో అచ్చుతప్పు ఉంది. మీరు చెప్పినట్టు అల్లితే ఆకు ఎడమకు వంగుతోంది. సవరించి తెలియజేయగలరు." జవాబు లేదు. పొగరు అనుకుని ఇంకో పుస్తకం కొన్నాను. అందులోనూ ఆకుల టోపీ, అందులోనూ అదే తప్పు. ఉత్తరం. ఇంకో పుస్తకం.

మా కౌంటర్‌లో నా పక్క సీటు శ్రీనివాస్ గారిది. భీమవరం వైపు మనిషి, చాలా మర్యాద. టీ వేళ నా సంచిలోంచి సూదులు, ఊలు, పుస్తకం బయటికొచ్చేవి. ఆయన అన్నీ గమనించేవారు.

"కొత్తగా కొన్న పదమూడు పుస్తకాలూ తప్పేనంటారా దాసు గారూ? ఒక్కటీ ఒప్పు లేదాండీ?"

"లేదండీ. అంతా ముఠా."

"ముఠానా?"

"ఒకర్ని జూసి ఒకరు అచ్చేసుకున్నరు. మొదటోడు తప్పు రాసిండు, మిగిలినోళ్లు కాపీ కొట్టిండ్రు."

"కొత్త జపాను పుస్తకం వాళ్లు కూడానా అండీ?"

"వాళ్లు ఇంకా హుషారు. బొమ్మల్లనే తప్పు వెట్టిండ్రు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, "ఒకవేళ మీరే..." అన్నారు.

"ఏంది? నేనే ఏంది?"

"అబ్బే, ఏం లేదండీ. బిస్కెట్ తీసుకోండి."

పాఠకులారా, ఆ వాక్యం పూర్తి చేయనందుకు శ్రీనివాస్ గారిని నేను ఇప్పటికీ క్షమించలేదు. బిస్కెట్ మాత్రం తిన్నాను.

వర్షాలు పోయాయి. చలి వచ్చింది. మా వైపు అన్నీ బయళ్లు కదా, గాలికి అడ్డం లేదు. అమ్మ కొంగు చుట్టుకునే దవాఖానకు పోయేది, వచ్చేది. ఫోన్ చేస్తే అడిగేది, "టోపీ ఎంత వరకొచ్చిందిరా?"

"అవుతుందమ్మా. పుస్తకం సక్కగ దొరుకుతలేదు."

"టోపీ అడిగిన గద బిడ్డా. పుస్తకం అడిగిన్నా?"

సుగుణ అయితే ఒకరోజు ముప్పై ఎనిమిదో పుస్తకం పార్సిల్ విప్పకుండానే నా ఒళ్లో పడేసింది. "గిది తీస్కపోయి నెత్తి మీద పెట్టు. రెక్కలు దెరిస్తే ఇంటి కప్పు లెక్క ఉంటది. గాలి రాదు." నాకు రోషం వచ్చింది. ఆ రోషంలో ఇంకో మూడు కొన్నాను. క్రిస్మస్ ఆరాధనకు అమ్మ తెల్లచీర కట్టుకుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని వచ్చింది. పాటల మధ్య ఆమె దంతాలు టకటకలాడటం నాకు వినిపించింది. అయినా ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఏం చేశాను? ముప్పావు వంతు అయిన టోపీని, ఆకులు ఎడమకు వంగాయని, మొదటి కుట్టు దాకా విప్పేశాను. అది తొమ్మిదోసారి.

జనవరిలో అమ్మను మళ్లీ దవాఖానలో చేర్చారు. అక్కకు జ్వరం, కాబట్టి పగలు నేను కూర్చున్నాను. చేతులు ఊరుకోవు కదా, మంచానికి ఎదురుగా కుర్చీ వేసుకుని పదోసారి మొదలుపెట్టాను. అమ్మ పడుకునే చూస్తోంది. కాసేపటికి వేలెత్తింది.

"ఆగు. మల్ల అల్లు."

అల్లాను.

"కుట్లు ఏ సూది మీదికెల్లి ఏ సూది మీదికి పోతున్నయిరా?"

"కుడి మీదికెల్లి ఎడమ మీదికి."

"లోకమంత ఎడమకెల్లి కుడికి అల్లుతరు. నువ్వు ఎడమచేతి వాటంల అల్లుతున్నవ్! నా ఎదురుంగ కూసొని నేర్చుకున్నవ్ గద, అద్దంల లెక్క పట్టినవ్ రా!"

నవ్వింది. సెలైన్ గొట్టం ఊగేంత నవ్వింది. నర్సు పరుగెత్తుకొచ్చి, "ఏమైందమ్మా?" అంటే, నా వైపు చూపించి మళ్లీ నవ్వింది, దగ్గింది.

"అప్పుడే చెప్పొచ్చు కదమ్మా!" అన్నాను. నాకు ఏడుపొస్తోంది.

"చూసిన. పోరడు తట్టు దురద మర్సిపోయి కూసున్నడు, చాలనుకున్న."

"మరి నలభై ఒక్క పుస్తకాలు..."

"అన్ని మంచియే ఉంటయి. నువ్వే తిరగేసినవ్." కళ్లు తుడుచుకుంది. "అవ్ గని దాసూ, నా నెత్తి గుండ్రంగ ఉన్నది. ఆకు ఎటు వంగితే నెత్తికి ఏం తెలుస్తది? ఎన్నిసార్లు ఇప్పినవ్?"

"తొమ్మిది."

అప్పుడు నవ్వలేదు.

నాలుగు రోజులు సెలవు పెట్టి అల్లేశాను. పుస్తకం మూసేసి, ఆకులను వాటి ఇష్టానికి వదిలేసి. అప్పటికి డాక్టర్లు అమ్మను ఇంటికి పంపేశారు, ఇక మందులు వద్దని. మామిడిపల్లి పోయి పెట్టాను. సరిగ్గా పట్టింది. అమ్మ చేత్తో తడుముకుని, "మెత్తగున్నది" అంది. తర్వాత చిన్న అద్దం తెమ్మంది, పుస్తకం తెమ్మంది. అద్దం ఒక చేత్తో, పుస్తకం ఒళ్లో పెట్టుకుని రెండూ చూసింది.

"చూడు, అద్దంల పుస్తకం బొమ్మ తీరుగనే ఉన్నది. కుడికే వంగినయ్. ఇగ ఆళ్లకు ఉత్తరాలు రాయకు."

పదకొండు రోజులు పెట్టుకుంది. పన్నెండో రోజు ఆ టోపీతోనే పెట్టెలో పడుకుంది. మూత వేసే ముందు రూతక్క వంగి, కన్నీళ్ల మధ్య నుంచి చూసి, "ఆకులు ఎడమకు వంగినయేందిరా?" అంది. ఆ ఒక్కమాటకు మా అక్కతో నేను ఏడాది మాట్లాడలేదు.

కాబట్టి ఇప్పుడు, బియ్యం డబ్బా మీదున్న నలభై ఒక్క పుస్తకాల సాక్షిగా, ఫ్రిజ్ సాక్షిగా, సుగుణ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఒక మనిషి నెత్తి చల్లగా ఉండగా ఇంకో పుస్తకం కొనను. బొమ్మలో ఉన్నట్టు రాలేదని అల్లినదాన్ని విప్పను. అచ్చుతప్పు అన్న మాట నోట రానివ్వను.

ఉత్తరాలు రాయనని మాత్రం అమ్మకు మాట ఇవ్వలేదు. ఇరవై నలుగురు ప్రచురణకర్తల్లారా, తప్పు నాదే, మీ పుస్తకాలన్నీ ఒప్పే. కానీ "ఆకు ఎడమకు వంగుతోంది" అని ప్రతి ఉత్తరంలోనూ రాశాను. అల్లిక తెలిసినవారు మీలో ఒక్కరు దాన్ని విప్పి చదివి ఉంటే, ఒకే ఒక్క వాక్యం తిరిగి రాసేవారు: "అయ్యా, మీరు ఏ చేత్తో అల్లుతారు?" ఆ వాక్యం సెప్టెంబరులో వచ్చి ఉంటే, క్రిస్మస్‌కు మా అమ్మ తువ్వాలు చుట్టుకుని వచ్చేది కాదు. నా చిరునామా ప్రతి ఉత్తరం కిందా ఉంది. మూడేళ్లయింది, ఇంకా అక్కడే ఉంటున్నాను. ఇప్పటికైనా ఒక్కరు రాయండి.