కదలకండి, వీడియో తీస్తున్నాను

ఖతర్‌కి వచ్చిన ఆ తొలి రోజుల్లో, చేతిలో కెమెరా ఫోను ఉంటే చాలు, నాకు రాని విద్య లేదనుకునేవాణ్ణి. అల్ వక్రాలో ఒక ఇంగ్లిష్ సారు ఇంట్లో హౌస్ డ్రైవర్‌ని. ఆయన ప్రతి శుక్రవారం టీవీలో ఒకటే పెట్టుకునేవాడు. వాళ్ళ దేశంలో సముద్రం ఒడ్డునున్న ఆయన సొంత ఊరి మీద ఎప్పుడో తీసిన పాత డాక్యుమెంటరీ అది. ఒకసారి నన్నూ కూర్చోబెట్టాడు. చినుకుల్లో కోటు వేసుకుని, ఇసుకలో మడత కుర్చీ మీద వణుకుతూ ఐస్‌క్రీమ్ తినే ముసలాయన (జీతమిచ్చినా నేనా పని చేయను), వల బాగు చేసుకుంటూ ఆవలించే మనిషి, గుమ్మం కడుగుతూ కెమెరావాణ్ణి అదిలించే ఒకావిడ. "మా మేనత్త," అన్నాడు సారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని. నాకు మాత్రం ఆవిడ మీద జాలేసింది. పాపం, మంచి బట్టలైనా కట్టుకోనివ్వకుండా తీసేశారే అనుకున్నాను. మాదీ సముద్రం ఒడ్డు ఊరే కదా, అసలు సినిమా ఎలా ఉంటుందో ఈయనకి చూపిద్దామని ఆ ఏడు సెలవుకి బయల్దేరాను.

వీధి మొత్తానికీ ముందురోజే కబురు పెట్టాను. ఆరబోసిన చేపలు తీయించాను, వలలు లోపల పెట్టించాను. టీకొట్టు బాబాయి పెళ్ళినాటి ప్యాంటు తొడుక్కొచ్చాడు (బొత్తాం పట్టక చొక్కా పైకి వదిలాడు). నన్ను పెంచిన పెద్దమ్మ ఒడ్డున పొయ్యి పెట్టుకుని బజ్జీలు వేసేది. వేస్తున్నంతసేపూ గాలినీ, కాకుల్నీ, నన్నూ తిడుతూనే ఉండేది. ఆ పొయ్యి ఆర్పించి పట్టుచీర కట్టించాను.

"ఒరే అబ్బాయ్, నూనె కాగిపోయిందిరా, ఒక్క వాయి వేసేసొస్తాను," అంది.

"తర్వాత వేద్దువుగానిలే పెద్దమ్మా, మాట్లాడకుండా నిలబడు," అన్నాను. అందర్నీ వరసగా నిలబెట్టి వీడియో తీశాను.

తిరిగొచ్చి దోహాలో నజ్మా పేటలోని మా రూములో చూపిస్తే, నాతో ఉండే నిజామాబాదు అన్న, "గిదేందిరా, అందరు గిట్ల నిలవడ్డరు, వీసా ఫోటోనా?" అన్నాడు. మర్నాడు సారుకి చూపిస్తే, ఆయన మర్యాదగా చివరిదాకా చూసి, "మరి మీ సముద్రం ఏది?" అని అడిగాడు.

"వీళ్ళ వెనకాలే ఉంది సార్," అన్నాను.

తర్వాత కొన్నేళ్ళకి సముద్రం ముందుకొచ్చి మా వీధిని మింగేసింది. అంతకుముందే పెద్దమ్మ జ్వరంతో పోయింది. సారు ఉద్యోగం ముగించుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. ఇప్పుడు శుక్రవారం సాయంత్రాలు వక్రా ఒడ్డున కూర్చుని ఆ వీడియో నేనే పెట్టుకుంటాను. అందులో కదిలేది ఒక్క కోడి. వినిపించేది నా గొంతు, "కదలకండి, కదలకండి" అని. పెద్దమ్మ తిట్టు ఒక్కటైనా అందులో ఉంటే ఎంత బాగుండేదో అనిపించి బాధేస్తుంది. చివర్లో మాత్రం, అయిపోయిందనుకుని పెద్దమ్మ నావైపు తిరుగుతుంది. "ఒరే..." అంటుంది. సరిగ్గా అక్కడ ఆపేశాను. వీడియో పాడవకుండా భలే ఆపానని ఆ రోజు మురిసిపోయిన కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. మళ్ళీ మొదటినుంచి పెడతాను.