రాజమల్లు బావ పంటి తీర్పు

మా బావ రాజమల్లు యాభై నాలుగో ఏట మొదటిసారి టూత్ బ్రష్ పట్టాడు. అప్పటికి ఆయన నోట్లో మిగిలినవి ఇరవై పళ్లు. మిగతా పన్నెండూ ఎక్కడికి పోయాయో చెబుతాను, నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వండి. మా అక్క సుమిత్ర మెడలో ఆయన పుస్తె కట్టిననాడే ఆయన్ని చూసి నవ్వే హక్కు నాకు వచ్చేసింది. పైగా నేను నిజామాబాద్‌లో స్నేహలత మేడం అనే పళ్ల డాక్టరమ్మ దగ్గర పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. రోజుకు ముప్పై నోళ్లు చూస్తాను. మా బావ నోరులాంటి నోరు మాత్రం ఎక్కడా చూడలేదు.

బావ వాళ్లది బోధన్ రోడ్డు మీద ఊరు. రెండెకరాల్లో పసుపు, ఒక ఎకరంలో చెరుకు. ఆయన పేరు మండలాలు దాటింది మాత్రం పంట వల్ల కాదు, పంటి వల్ల. పసుపు తవ్వాక ఉడకబెట్టి కళ్లంలో ఆరబోస్తారు కదా, పదిహేను రోజుల ఎండ తర్వాత అది లోపలిదాకా ఎండిందా లేదా అన్నది పెద్ద చిక్కు. పచ్చి మిగిలితే బస్తాలో బూజు పడుతుంది, మార్కెట్లో ఎవరూ ముట్టరు. అందరూ కొమ్మును చేత్తో విరిచి చప్పుడు వింటారు. మా బావ కొరికేవాడు. కటక్కుమని విరగగానే కళ్లు మూసుకుని, రెండు క్షణాలు ఆగి, "ఇంక మూడెండలు" అనేవాడు. అదే ఆఖరి మాట. మాక్లూర్ నుంచి కూడా మోటారు సైకిళ్లేసుకుని జేబులో కొమ్ములు పెట్టుకుని వచ్చేవాళ్లు.

నిజం చెప్పాలంటే బావకున్న విలువంతా అదే. చదువు లేదు, పదవి లేదు, పంచాయతీలో ఆయన మాట ఎవరూ అడగరు. పసుపు కాలం మూడు నెలలూ మాత్రం కుర్చీ వేస్తారు, చాయ్ ఇస్తారు, "రాజమల్లన్న పన్ను పడ్డదా?" అని అడిగాకే ట్రాలీ కదిలిస్తారు. అంత పేరు తెచ్చిన పంటికి ఆయన చేసిన సేవ ఏమిటంటే, ఏమీ లేదు. పొద్దున గుర్తొస్తే వేపపుల్ల తుంచుతాడు. నాలుగుసార్లు నమిలేసరికి ఎవరో ఒకరు కనిపిస్తారు, ముచ్చట మొదలవుతుంది, పుల్ల చెవి మీదికి పోతుంది. ఆ తర్వాత చాయ్. చెరుకు కాలమైతే గడ పట్టుకుని కూర్చుని చెక్కు కూడా పంటితోనే తీస్తాడు. రాత్రి అన్నం తిన్నాక బెల్లం గడ్డ బుగ్గన పెట్టుకుని అలాగే పడుకుంటాడు.

"బావా, పండుకునేటప్పుడు బెల్లం గడ్డ ఏంది? కనీసం నోరన్న పుక్కిలించు" అని నేను అనని పండగ లేదు.

"పసుపు కొరికేటోనికి పుక్కిలించుడెందుకే రేణుకా? పసుపును మించిన మందున్నదా? నీ దవాఖానల అందరు తెల్ల పండ్లోల్లే గద, మరి వాళ్లకెందుకు నొస్తున్నయ్?" అని అరుగు మీద కూర్చున్నవాళ్లకు వినబడేలా నవ్వేవాడు. వాళ్లూ నవ్వేవాళ్లు. పసుపు బస్తాకు పురుగు పట్టదు కాబట్టి పసుపు కొరికే నోటికీ పట్టదని ఆ అరుగంతా ఒక్కటే నమ్మకం.

మా అక్కకు నేను మెత్తటి బ్రష్ తెచ్చిచ్చాను. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి పదేళ్లుగా తోముకుంటోంది. బావ దాన్నీ వదల్లేదు. "మా ఇంట్లామెవి పట్నం పండ్లు. అద్దాల బీరువల పెట్టాలె" అనేవాడు. అక్క కొంగు అడ్డం పెట్టుకుని తన పని తాను చేసుకునేది. ఆమెకిప్పుడు నలభై తొమ్మిది. ఒక్క పన్ను కూడా పోలేదు.

ఐదారేళ్ల కిందట బావ వేపపుల్లకు ఎర్రగా అంటింది. నేనే చూశాను. "పుల్ల గీసుకున్నది తియ్" అన్నాడు. మర్నాడు కూడా గీసుకుంది, ఆ నెలంతా గీసుకుంది. చిగుళ్ల నుంచి నెత్తురు కారితే అది పుల్ల తప్పు కాదు, చిగురు జబ్బు పడిందని చెప్పాను. ఉప్పూ పసుపూ కలిపి కుక్కుకున్నాడు. వెనక దవడ పళ్లు రెండేళ్లలో ఐదు ఊడాయి. అవి ఎవరికీ కనిపించవు కాబట్టి ఊడనట్టే లెక్క. ముందు పళ్ల మొదట్లో గార మాత్రం గోడకు మెత్తిన మట్టిలా పేరుకుపోయింది.

"దవాఖానకు రా బావా, అర్ధగంటల గార తీసేస్తది మేడం" అని బతిమాలాను.

"కిలీనింగ్ చేపిస్తె పండ్లు వదులైతయ్. గోడకున్న సున్నం గీకితె గోడ నిలుస్తదా?"

"అది సున్నం కాదు బావా, చెదలు. లోపట ఎముకను తింటున్నది. తీసినంక కదిలితె, తీసినందుకు కాదు, లోపట ఎప్పుడో తిన్నందుకు."

"నీ డాక్టరమ్మ నిన్ను మంచిగనే తన దిక్కు మలుపుకున్నది" అన్నాడు. ఆ రోజు నాకు వచ్చిన కోపానికి ఆయన ఇంట్లో అన్నం కూడా తినకుండా బస్సెక్కాను.

మూడేళ్ల నుంచి బావ తీర్పు చెప్పే తీరు మారింది. అంతకుముందు అక్కడికక్కడే కొరికి చెప్పేవాడు. ఇప్పుడేమో కొమ్ము చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇడిసిపో. పొద్దుగాల చెప్త. పసుపు ఒక రాత్రి నీడల నిద్ర జేయాలె, అప్పుడే అసలు సంగతి చెప్తది" అనేవాడు. ఇంత తెలివైన మాట ఇదివరకెవరూ వినలేదు. విన్నవాళ్లంతా మురిసిపోయారు. కొందరైతే తమ కళ్లాల్లో కూడా పసుపును నిద్రపుచ్చడం మొదలుపెట్టారు. ఆ పద్ధతికి రాజమల్లన్న తరీఖా అని పేరు కూడా పెట్టారు. నేను కూడా నమ్మాను, నా తెలివి మండిపోనూ!

ఈ ఏడు ఫిబ్రవరిలో బావ తన పసుపు వేసుకుని నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వచ్చాడు. అక్కడ, ఏటా బావకు కొమ్ములు చూపించే మాక్లూర్ గంగన్నకూ ఒక ఖరీదుదారుకూ వాదన జరుగుతోంది. ఈసారి గంగన్న తొందరపడి, బావకు చూపించకుండానే రాశి తెచ్చాడు. పచ్చిగా ఉందని ఖరీదుదారు, ఎండిందని గంగన్న. అంతలో గంగన్నకు బావ కనిపించాడు. "అగో, రాజమల్లన్ననే వచ్చిండు! ఆయన కొరికి చెప్తె ఒప్పుకుంటవా సేటూ?" అన్నాడు. ఖరీదుదారు ఒప్పుకున్నాడు. చుట్టూ యాభై మంది పోగయ్యారు.

బావ తన తరీఖా చెప్పాడు. పసుపు నిద్రపోయేదాకా తాను ఆగలేనన్నాడు ఖరీదుదారు. "ఇయ్యాల్ల సోమారం, ఉపాసమున్న" అన్నాడు బావ. "మింగకే అన్నా, ఉమ్మేసెయ్" అన్నాడు గంగన్న. ఇక దారి లేదు. బావ కొమ్ము నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని కొరికాడు.

కటక్కుమనలేదు. ఎండిన కొమ్మయితే విరిగిపోయేదే. ఇది పచ్చిది, లోపల తోలులా సాగి పన్నును పట్టుకుంది. బావ లాగాడు. కొమ్ము బయటికి వచ్చింది, కింది వరసలో ముందు పన్ను దానితోపాటే వచ్చింది. పసుపు మీద నెత్తురు. ఖరీదుదారు కొమ్మును జాగ్రత్తగా అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పచ్చిగనే ఉన్నది. ఎండిందైతే పన్నును ఇడిసిపెడ్తుండె" అన్నాడు.

యార్డంతా గొల్లుమంది. గంగన్న రాశిని మళ్లీ బస్తాలకెత్తుకున్నాడు.

అరగంటలో బావ మా దవాఖానలో ఉన్నాడు, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని. రెండో చేతిలో కాగితం పొట్లం. విప్పితే పసుపు కొమ్ము, దానికి గుచ్చుకుని ఉన్న పన్ను. "గిది మల్ల పెట్టుర్రి మేడం. తాజాగనే ఉన్నది" అన్నాడు.

స్నేహలత మేడం నవ్వలేదు. పళ్లకు ఎక్స్‌రే తీసి, వెలుతురుకు పట్టి చూపించింది. "దెబ్బ తగిలి గట్టి పన్ను ఊడితే, వెంటనే పాలల్ల వేసుకొని వస్తే, ఒక్కోసారి మళ్ల పెడ్తం. ఇది అట్ల కాదు. ఇగో సూడు, దీని చుట్టు ఎముకనే లేదు. ముందటియి ఇంక ఆరు పండ్లు గిట్లనే ఉన్నయ్, అవి తీయాలె. మిగిలిన ఇరవై నీ చేతుల ఉన్నయ్."

"నొప్పి లేకుండె గద మేడం?"

"చిగుర్ల రోగం నొప్పి పెట్టదు. అందుకే అందరు ఆఖరుకు వస్తరు. నెత్తురు వచ్చుడే అది పిలిచే పిలుపు. నువ్వు ఇనలే."

బావ కుర్చీలో వెనక్కి వాలి, పైనున్న లైటును చూస్తూ, ఎవరితోనో చెప్పినట్టు అన్నాడు. "నేను కొమ్ము కొరకక మూడేండ్లైతున్నది. కొరికితె పండ్లు ఊగుతుండె."

"మరి పొద్దుగాల లేచి తీర్పు చెప్పేది ఎట్ల?" అన్నాను.

"మీ అక్క కొరికి చెప్తుండె."

నా చేతిలో ఉమ్మి లాగే గొట్టం ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏం చేసేదాన్నో. పట్నం పళ్లని అరుగెక్కి నవ్విన మనిషి మూడేళ్లు ఆ పళ్ల మీద బతికాడు! నీడలో నిద్ర చేసింది పసుపు కాదు, మా అక్క పేరు. బయటికొచ్చి అక్కకు ఫోన్ చేసి అడిగాను. "ఆయన ఇజ్జత్ పోతదని చెప్పలేదే" అంది. "మరి నీ ఇజ్జత్?" అన్నాను. పొయ్యి మీద కూర మాడుతోందని అక్క ఫోన్ పెట్టేసింది.

మేడం రెండు దఫాలుగా ఆరు పళ్లూ తీసి, గారంతా తీసేసింది. నేను బ్రష్ ఇస్తే బావ బర్రెను తోమినట్టు తోమాడు. చేయి పట్టుకుని నేర్పించాల్సి వచ్చింది. చిగురు మొదట్లో ఏటవాలుగా పెట్టు, మెల్లగా తిప్పు, ఒక్కో వైపు ఆగు, రాత్రి తోముకున్నాక మళ్లీ ఏమీ తినకు, బెల్లం గడ్డ అసలే వద్దు. మూడు వారాలకు నెత్తురు ఆగింది. మిగిలినవి ఒక్కటీ ఊడలేదు.

అప్పుడే నేను వాళ్లింట్లో ఉండగా గంగన్న వచ్చాడు. రాశి మళ్లీ ఆరబోసి, జేబులో నాలుగు కొమ్ములు తెచ్చాడు. యార్డులో జరిగినదాని గురించి ఒక్క మాట ఎత్తలేదు, మర్యాదస్తుడు. "ఆ దినం దినమే మంచిగ లేదన్నా. నువ్వు ఇంట్ల పద్దతిగ సూసి చెప్పు" అని కొమ్ములు ముందు పెట్టాడు.

బావ ఒక కొమ్ము అందుకున్నాడు. "ఇడిసిపో" అని సగం అని, నా మొహం చూశాడు. నేను కళ్లు తిప్పుకోలేదు. ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు, పోయిన పేరు రేపు పొద్దున తిరిగి వస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు, గుమ్మంలో నిలబడ్డ అక్కకూ తెలుసు.

బావ నోరు తెరిచి చూపించాడు. "నాతోని కాదు గంగన్నా. మూడేండ్ల సంది మా ఇంట్లామెనే కొరుకుతున్నది."

గంగన్న నవ్వబోయి ఆగిపోయాడు. అక్క వచ్చి, కొమ్ము తీసుకుని కొరికింది. కటక్కుమంది. "ఎండింది. రేపు తీస్కపో" అంది.

"మంచిది వదినె" అన్నాడు గంగన్న నిమ్మళంగా. "గని మార్కెట్ల మాత్రం రాజమల్లన్న చెప్పిండనే అంట. ఆడిమనిషి కొరికిందంటె నవ్వుతరు."

అక్క ఇంకో కొమ్ము తీసి బావ చేతిలో పెట్టింది. "అట్లయితె ఆయననే కొరుకనియ్యి" అంది.

బావ ఆ కొమ్మును చూసుకున్నాడు. నాలుకతో ఖాళీ చిగుళ్లు తడుముకున్నాడు. తర్వాత కొమ్మును గంగన్నకు తిరిగి ఇచ్చేశాడు. "సుమిత్ర చెప్పిందని చెప్పు."

ముప్పై ఏళ్ల కాపురంలో నలుగురి ముందు ఆమె పేరెత్తి ఎరగడు. ముందు పళ్లు లేక ఆ పేరు సగం గాలిగా వచ్చింది.

"ఎవలన్నా?" అన్నాడు గంగన్న.

"సుమిత్ర" అన్నాడు బావ, ఈసారి అరుగు దాకా వినబడేట్టు. "నా పెండ్లాం."