తోడల్లుడు మూత విప్పిన కంప్యూటర్

నేను ఏడో తరగతి ఒక్కసారి తప్పి చదువు మానేశాను. మా ఇంటి కంప్యూటర్ రోజుకు పదిసార్లు ఆరిపోయినా మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేది. దానికున్న పట్టుదల నాకుంటే కలెక్టరునయ్యేవాణ్ణి.

మా ఆవిడ దానిమీద వీధివాళ్లకు దరఖాస్తులు టైపు చేసి ఇచ్చేది. సగంలో ఆరిపోయినప్పుడల్లా "ఎమ్మిగనూరు మరిదిని పిలుద్దాం" అనేది. అంటే తన చెల్లెలి మొగుణ్ణి. ఆ తోడల్లుడి మాటెత్తితేనే నాకు ఒళ్లు మండేది. పెళ్లిళ్లలో అందరూ సలహాకు అతన్ని పిలుస్తారు, వడ్డనకు నన్ను పిలుస్తారు. అందుకే వారం రోజులు ప్లగ్గు మార్చాను, వైరు మార్చాను, చివరికి దాని నెత్తిన ఒకటి మొట్టాను కూడా.

ఆదివారం అతను రానే వచ్చాడు. పెట్టెమీద చెయ్యి పెట్టి, "జ్వరమొచ్చినట్ల కాలతాంది గదన్నా" అని మూత విప్పాడు. లోపల ఫ్యాను రెక్కల నిండా దూది. నేను ఆదోని పత్తిమిల్లులో పనిచేసి వచ్చి, రోజూ ఆ బల్ల పక్కనే చొక్కా దులుపుతాను. దూది తీశాక కంప్యూటర్ మళ్లీ ఆగలేదు. మా ఆవిడ అతనికి రెండో గ్లాసు టీ పోసింది. నాకింకా మొదటిదే రాలేదు.

కడుపుమంట ఆపుకోలేక, "పత్తి తీసేకి ఎమ్మిగనూరు నుంచి మనిషి రావల్లనా? ఆ పని మనింట్లో అందరికీ వచ్చు గదా" అన్నాను.

"తీసేటోళ్లు శానామంది ఉండారు," అంది మా ఆవిడ. "దాంట్లో పోసేటోనివి నువ్వొక్కనివే."