మా బావిలో బ్లీచింగు

మొన్న ఏలూరు వెళ్తుంటే ఆటో పెట్రోలు బంకులో ఆగింది. ఆ వాసన తగలగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను గాని, మనసు వసుంధర దగ్గరికి వెళ్లిపోయింది. ఆమెది నా మనవరాలి వయసు. నేను చదివింది మూడో తరగతి. నాకు గురువు ఎవరని ఎవరైనా అడిగితే ఆ పిల్ల పేరే చెబుతాను.

దెందులూరు దగ్గర హైవే పక్కన మా ఇల్లు. ఎగువనున్న ఒక పాత బంకులో భూమి లోపలి ట్యాంకు కారి, మా బావి నీళ్లు పెట్రోలు కంపు కొట్టాయి. కాపురానికి వచ్చిన నాటి నుంచి నేను తాగిన బావి అది. అందరూ పూడ్చేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. అప్పుడు వచ్చింది వసుంధర, ఆ నీళ్లు శుభ్రం చేసే పని మీద. వానాకాలం నడిమికల్లా ముగించాలని ఆమెకు గడువు. మా వసారా గదిలోనే దిగింది.

బావి చుట్టూ సన్నటి బోర్లు వేయించి, గొట్టాలతో లోపలికి గాలి, కాస్త ఎరువు పంపేది. మట్టిలో కంటికి కనబడని జీవులున్నాయని, వాటికి ఊపిరి, తిండి అందిస్తే పెట్రోలును అవే తినేస్తాయని చెప్పింది.

"పురుగుల్ని పెంచి నీళ్లు బాగుచేస్తావా? మా ఇంట్లో పురుగు కనబడితే చీపురు తిరగేస్తాం" అన్నాను.

"మీ చీపురుకి దొరకవండీ అవి" అని నవ్వింది.

రెండు నెలలకు కంపు సగానికి తగ్గింది. ఒకరోజు ఆమె నీళ్ల సీసాలు పట్టుకుని తాడేపల్లిగూడెంలోని ల్యాబుకు వెళ్లింది. నేను చూస్తే గొట్టాల మూతుల దగ్గర నాచులా జిగురు పట్టి ఉంది. ఏటా తొలి వానలకు బావిలో బ్లీచింగు చల్లడం మాకు అలవాటు. పంచాయతీ వాళ్లు ఇచ్చిన పొట్లాల్లో రెండేళ్లుగా మిగిలినవి దాచి ఉంచాను. పారేయడం ఎందుకని అన్నీ కలిపి బావిలోనూ, బోర్లలోనూ పోసేశాను.

తిరిగి వచ్చిన వసుంధర ఆ ఘాటుకు గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏం వేశారండీ, మామ్మగారూ?" అని అడిగింది. చెప్పాను. అరుగు మీద కూలబడింది. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. ఎదురు తిట్టడం నాకు వచ్చు. ఆమె లేచి, ముఖం కడుక్కుని, "కొన్నైనా బతికుంటాయండీ. ఏం మిగిలిందో చూద్దాం, రండి" అంది.

ఇద్దరం కలిసి ఆ నీళ్లు తోడి పారబోశాం. బ్లీచింగుకు ఆ జీవులు చస్తాయని నాకు ముందే చెప్పకపోవడం తన తప్పని కూడా అంది. మా ఇంట్లో తప్పు చేసినవాళ్లను మూడు రోజులు మాటలతో దంచడం నా పద్ధతి. వంటింటి గుమ్మంలో నిలబడి మా కోడలు ఆ మాట వింది. నేను తలెత్తలేదు.

పని మళ్లీ మొదటికొచ్చింది. గడువు మాత్రం ఆగలేదు. కంపు పూర్తిగా పోకముందే ఆమెను పైవాళ్లు వేరే రాష్ట్రానికి పంపించేశారు. గాలి ఎప్పుడు వదలాలో, ఎరువు ఎంత వేయాలో నాకు నేర్పి, ఎవరైనా బ్లీచింగు పట్టుకొస్తే నన్నే కాపలా ఉండమని చెప్పి వెళ్లింది.

మరుసటి వేసవికి ల్యాబు కాగితం వచ్చింది, నీళ్లు తాగవచ్చని. వెంటనే ఫోను చేయించాను. ఆ నంబరు వాడుకలో లేదట. ఇప్పుడు ఇంట్లో ఎవరి చేతిలో ఏం పగిలినా, నోరు తెరిచే ముందు ఏం మిగిలిందో చూస్తాను. ఆ బుద్ధి ఆ పిల్ల పెట్టిందే. కాని చేద వేసి మొదటి గ్లాసు తాగిన ప్రతిసారీ నాకు వసుంధరే గుర్తొస్తుంది. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమె కొన్న నీళ్లే తాగింది. మా బావి నీళ్లు ఎంత తియ్యగా ఉంటాయో ఆమెకు తెలియదు.