పదిహేడో నంబరు హాజరు

మొన్న మా బడి వార్షికోత్సవానికి పాత విద్యార్థులందరినీ పిలిచారు. ఉప్పుగూడ నుంచి ఆటోలో పోయి, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కేసరికి, ఇప్పటి ప్రిన్సిపల్ ఫాదర్, మా చిన్నకొడుకు వయసువాడు, బీరువాలోంచి మా పదో తరగతి హాజరుపట్టీ తీసి, సరదాకు హాజరు పిలుస్తానన్నాడు.

సముద్రాలు దాటి వచ్చిన ఫాదర్లు పాతబస్తీలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని పెట్టిన బడి అది. రైల్వే గుమాస్తాల కొడుకులం, కిరాణా సేట్ల కొడుకులు, ధూల్‌పేట్‌లో వినాయకులను చేసేవాళ్ల కొడుకులు ఒకే బెంచీమీద ఇరుక్కుని కూర్చునేవాళ్లం. మా హెడ్మాస్టరు ఇటలీ ఫాదర్‌కు మా పేర్లు నోరు తిరిగేవి కావు. తల ఎత్తకుండా నంబర్లు పిలిచేవాడు. ఎవడు బడి ఎగ్గొట్టినా పక్కవాడు గొంతు మార్చి ప్రెజెంట్ చెప్పేసేవాడు. అదో గొప్పనుకునేవాళ్లం, వెధవలం!

పదిహేడు నా బెంచీ దోస్తు, ధూల్‌పేట్ వాడు. మూసీకి వరదొచ్చిందని చూడబోయాడు. వాడి హాజరు నేను పలికాను. గంట తిరక్కముందే వాడి బాపు మట్టిచేతులతోనే ఉరుక్కుంటూ వచ్చాడు. పురానాపూల్ వంతెన కాడ వాణ్ణి చూశామని ఎవరో చెప్పారట.

"మా పోరడు బడికొచ్చిండా ఫాదర్? నీళ్లు మస్తు వస్తున్నయి, ఫికరైతుంది."

ఫాదర్ క్లాసులోకి తొంగైనా చూడలేదు. పట్టీ అంటే ఆయనకంత నమ్మకం. తెరిచి టిక్కు చూపించాడు. ఆ పెద్దాయన రెండు చేతులూ జోడించి, వంతెన వైపు కాకుండా ఇంటివైపు, తన వినాయకుల దగ్గరికి వెళ్లిపోయాడు. కిటికీ పక్కనే ఉండి అంతా విన్నాను. బెత్తానికి భయపడి నోరు మూసుకున్నాను, పాపిష్టివాణ్ణి. సాయంత్రం వాడి శవం వంతెనకు దిగువన దొరికింది.

ఆ గొంతు ఎవరిదని ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. మర్నాటి నుంచి ఫాదర్ తలెత్తి ఒక్కొక్కడి ముఖం చూస్తూ పిలిచేవాడు. ఇప్పటికీ బ్యాంకులో పదిహేడో టోకెన్ పిలిస్తే తల దించుకుంటాను.

మొన్న నెరిసిన తలలన్నీ పిల్లల్లా అరుస్తుంటే కుర్ర ఫాదర్ "పదిహేడు" అన్నాడు. ఎవరూ పలకలేదు. నేనే లేచాను.

"వాడు ఆ చివరి రోజు రాలే ఫాదర్. పలికింది నేను."

ఆయన పేజీ మీద వేలు జరుపుతూ నవ్వాడు. "టిక్కు ఉంది కదా అంకుల్!"

ఇప్పుడు ఆ బడిలో మిషన్ మీద వేలు పెడితేనే హాజరట. ఒకరి వేలు ఇంకొకరికి పనికిరాదు. మా రోజుల్లో గొంతుంటే చాలేది.